గృహరక్షణము: కిటికీ అద్దములకు రక్షణపు పొర

పోయిన మాసమున మాకు వచ్చిన జాబులలో నొకటి విశాఖపట్టణమునుండి యొక సోదరి వ్రాసినది. వారి యిల్లు కర్మాగారములకు సమీపమున నున్నది. పడకగదిలో తూర్పువైపున గోడ యంత వెడల్పున అద్దపు కిటికీ కలదు. దాని క్రిందనే పిల్లలిద్దఱు పండుకొను మంచము. ఒక వర్తకుడు ఇంటికి వచ్చి, "అమ్మా! ఈ ఫిల్ము అంటించినచో మీ కిటికీ బాంబునకైనను చలింపదు" అని చెప్పి, నాలుగు విధములైన నమూనాలు చూపి పోయెనట. భర్త పొరుగు దేశమున ఉద్యోగములో నున్నాడు. అత్తగారు "ఇన్నియేండ్లు ఏ పొరయు లేకయే కాపురము చేసితిమి కాదా?" యనుచున్నారట. "ధనము వ్యర్థమగునేమో యను దిగులొకవైపు, పిల్లల దిగులొకవైపు. ఏది కొనవలెను? అసలు కొనవలెనా?" అని ఆ సోదరి అడిగినది.

ఈ ప్రశ్న ఆమె యొక్కతెది కాదు. 1997వ సంవత్సరము సెప్టెంబరు 14వ తేదీన విశాఖలోని చమురు శుద్ధి కర్మాగారమున గ్యాసు ప్రేలి సుమారు 60 మంది మరణించిన సంగతి ఆ ప్రాంతపు గృహిణులు మఱచిపోలేదు. అదియును గాక, ఈనాడు పట్టణములలో కట్టు ఇండ్లలో గోడ తగ్గి అద్దము పెరిగినది. పూర్వపు ఇండ్ల కిటికీలకు చెక్క రెక్కలును ఇనుప ఊచలును ఉండెడివి. పగులుటకు అద్దమే లేదు. వెలుతురు కొఱకు మనము అద్దమును కోరి తెచ్చుకొంటిమి. వెలుతురు మంచిదే. కాని దానితోపాటు వచ్చిన అపాయమును గూడ ఇల్లాలు ఎఱిగియుండవలెను. కావున ఈ మాసము ఈ విషయమునే వివరముగా వ్రాయుచున్నాము.

ప్రేలుడుకంటె అద్దమే క్రూరము

1917వ సంవత్సరము డిసెంబరు 6వ తేదీ ఉదయమున కెనడా దేశపు హాలిఫాక్సు రేవులో రెండు ఓడలు ఢీకొనినవి. వానిలో నొకటి నిండ మందుగుండు. అది అంటుకొని మండుచుండగా, రేవు చుట్టునున్న ఇండ్లలోని పెద్దలును పిల్లలును ఆ వింత చూచుటకు కిటికీల యొద్ద చేరిరి. సుమారు ఇరువది నిమిషములకు ఓడ ప్రేలెను. సుమారు 1,800 మంది చనిపోయిరి. 9,000 మంది గాయపడిరి. కంటి గాయములే సుమారు 5,900 అని లెక్కకు వచ్చినవి. వారిలో పెక్కుమంది కన్నులను హరించినది ఓడ తునుక కాదు. తమ యింటి కిటికీ అద్దమే. మఱుసటి యేట కెనడాలో అంధుల కొఱకు జాతీయ సంస్థ యొకటి ఏర్పడుటకు ఈ దుర్ఘటనయు నొక కారణము.

నూఱేండ్లు గడచినను ఈ కథ మాఱలేదు. 2020వ సంవత్సరము ఆగస్టు 4వ తేదీన లెబనాను దేశపు బేరూతు రేవులో, గిడ్డంగిలో నిలువయుంచిన 2,750 టన్నుల అమ్మోనియం నైట్రేటు ప్రేలెను. ముందుగా పొగ లేచినది. దానిని చూచుటకును, ఫోనులలో చిత్రము తీయుటకును జనులు కిటికీల యొద్ద నిలిచిరి. అంతలో పెద్ద ప్రేలుడు. 200 మందికి పైగా మరణించిరి. 6,000 మందికి పైగా గాయపడిరి. ఆసుపత్రుల అద్దములును పగిలి, చికిత్స చేయవలసిన వారే గాయపడిరి. 2013వ సంవత్సరము ఫిబ్రవరి 15వ తేదీన రష్యాలోని చెల్యాబిన్‌స్కు పట్టణముపైన ఉల్క ప్రేలినపుడు ఒక్కరును చనిపోలేదు. అయినను సుమారు 1,500 మంది వైద్యులను ఆశ్రయించిరి. ఆకాశమున మెఱుపు చూచి జనులు కిటికీలకు చేరిరి. నిమిషము దాటిన పిమ్మట గాలి దెబ్బ వచ్చి అద్దములను వారి మొగములపై చల్లెను.

ఇట్లేల జరుగును? మన చుట్టునున్న గాలి చదరపు అంగుళమునకు సుమారు 14.7 పౌనుల బలముతో మనలను ఎల్లప్పుడు అదుముచున్నది. ప్రేలుడు వలన ఆ ఒత్తిడి 0.15 మొదలు 0.22 పౌనుల మాత్రము హెచ్చినను సామాన్యపు కిటికీ అద్దము పగులవచ్చును. అనగా మనము నిత్యము మోయు గాలి బరువులో నూఱవ వంతో, అఱువదియవ వంతో. మనుష్యుని కర్ణభేరి చినుగుటకు సుమారు 5 పౌనుల హెచ్చు కావలెను. దీనిని బట్టి తెలియునదేమన, గాలి దెబ్బ వలన శరీరమునకు ఏ బాధయు కలుగనంత దూరమునందును అద్దము కత్తులై ఎగురును. ముందు తోపు, దాని వెంటనే లాగుడు. కావున పెంకులు కొన్ని గదిలోనికిని, కొన్ని వీధిలోనికిని పడును.

పొర యేమి చేయును? ఏమి చేయదు?

ఈ అపాయమునకు ఉపాయము వెదకుట క్రొత్త కాదు. రెండవ ప్రపంచ యుద్ధకాలమున లండను నగరపు గృహిణులు కిటికీ అద్దములపై కాగితపు పట్టీలను అడ్డదిడ్డముగా అంటించిరి. పట్టీల వలన గలిగిన మేలు స్వల్పము. అద్దమంతటను జిగురుతో అంటించిన వల గుడ్డయే వానికంటె మేలని తేలినది. అచ్చటి బస్సుల కిటికీలకు గూడ అట్టి వలను అంటించిరి. ఇప్పటికిని మన కోస్తా జిల్లాలలో తుపాను హెచ్చరిక రాగానే కొందఱు అద్దమునకు టేపు గుణకారపు గుఱుతువలె అంటించుచున్నారు. దానివలన అద్దము పగులక మానదు. పైగా పెంకులు పెద్దవై పడవచ్చును. ఆ శ్రమను మానుకొనుట మేలు.

నేటి రక్షణపు పొర ఆనాటి వల గుడ్డకు మనుమరాలు. ఇది పాలియెస్టరుతో చేసిన పారదర్శకమైన పలుచని పొర. ఒకవైపున బలమైన జిగురు, రెండవవైపున గీతలు పడకుండ గట్టి పూత. దీనిని అద్దమునకు గదిలోపలి ముఖమున అంటింతురు. ఇది అద్దమును పగులకుండ చేయునని తలపరాదు. అద్దము పగులును. పగిలిన పెంకులు పొరను కరచుకొని యుండును, ఎగురవు. ఇంతియే దీని ధర్మము. బాంబునకైనను చలింపదని చెప్పిన వర్తకుడు తన సరకు ధర్మమును తానే యెఱుగడనవలెను.

మందము చూచుట

నాలుగు నమూనాలలో దేనిని ఎన్నుకొనవలెను? మొదట మందము. దీనిని మైక్రాన్లలో చెప్పుదురు. మిల్లీమీటరులో వేయవ వంతు ఒక మైక్రాను. అమెరికా లెక్కలో 'మిల్' అని చెప్పుదురు. అది అంగుళములో వేయవ వంతు. 'ఎనిమిది మిల్' అనగానే ఎనిమిది మిల్లీమీటర్లని భ్రమపడరాదు. అది 200 మైక్రాన్లు మాత్రమే. 4 మిల్ 100 మైక్రాన్లు. 7 మిల్ 175 మైక్రాన్లు. మనము జాబు వ్రాయు కాగితము మందము సుమారు 100 మైక్రాన్లని గుఱుతుంచుకొనినచో ఈ లెక్క సులభముగా పట్టుపడును.

ఎండ తగులకుండ అంటించు రంగు పొరలు సాధారణముగా 25 మొదలు 50 మైక్రాన్ల మందమే యుండును. అవి వేడిమిని తగ్గించును గాని పెంకులను పట్టియుంచునను నమ్మకము లేదు. కొందఱు వర్తకులు ఈ రెండింటిని కలిపి మాటలాడుదురు, మనము కలుపరాదు. ప్రేలుడు భయమున్న చోట 100 మైక్రాన్లకు తక్కువ పొర కొనుట వ్యర్థము. నేలయంతస్తు కిటికీలకును, మిక్కిలి పెద్ద అద్దములకును 175 మైక్రాన్ల పొర తగినది.

అంచులే ప్రాణము

మందముకంటె ముఖ్యమైనది, వర్తకులు తఱుచు చెప్పకుండ దాటించునది మఱియొకటి కలదు. అది అంచుల సంగతి. ఒక చిన్న లెక్క చూడుడు. అద్దము ఒక మిల్లీమీటరు మందమునకు చదరపు మీటరునకు రెండున్నర కిలోల బరువుండును. నాలుగడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు, అయిదు మిల్లీమీటర్ల మందము గల అద్దము సుమారు 14 కిలోలు తూగును. పొర పెంకులనన్నిటిని కలిపి పట్టుకొనినది సరే. ఆ పొరను పట్టుకొను దిక్కేది? చట్రమునుండి అద్దమంతయు ఒక్క దుప్పటివలె ఊడి, ఆ 14 కిలోల బరువును మంచముపైకి వచ్చినచో మనము చేసిన ఖర్చు ఏమి ఫలించినట్లు?

అంటించు పద్ధతులు మూడు. మొదటిది, చట్రమునకు లోపల కనబడు అద్దము మేరకే పొర అంటించి, అంచున సన్నని యెడము విడుచుట. ఇది చౌక, సులభము. ప్రేలుడు దూరమున జరిగి గాలి దెబ్బ తక్కువైనపుడు ఇది పెంకులను పట్టియుంచును; దెబ్బ హెచ్చినచో అద్దమంతయు ఊడిరావచ్చును. రెండవది, పొర అంచును చట్రమును కలుపుచు నాలుగువైపుల సుమారు అర అంగుళము మేర బలమైన సిలికోను జిగురు పట్టించుట. స్నానాలగదిలో సందులు పూడ్చు సామాన్యపు సిలికోను దీనికి పనికిరాదు. కట్టడములలో అద్దములను నిలుపుటకు వాడు గట్టి రకము కావలెను. మూడవది, పొర అంచులపై లోహపు పట్టీలుంచి మరలతో చట్రమునకు బిగించుట. ఇది అన్నిటికంటె బలమైనది, అన్నిటికంటె ఖరీదైనది. చూపునకు కొంచెము మోటు. కుటుంబములు నివసించు ఇండ్లకు రెండవ పద్ధతి తగియుండునని మా యభిప్రాయము.

అయితే చట్రమే గోడనుండి ఊడివచ్చునట్లున్నచో ఏ పద్ధతియు పనికిరాదు. పొర కొనుటకు ముందు వడ్రంగిని పిలిపించి చట్రమును తట్టి చూపింపవలెను. చెదపట్టిన కఱ్ఱ, ఎండి రాలిన పుట్టీ, వదులైన మరలు ముందుగా బాగు చేయింపవలెను. కఱ్ఱ చట్రమునకు పాత రంగు పెచ్చులూడుచున్నచో గీకించి తీయవలెను. లేనిచో జిగురు రంగును పట్టుకొనును గాని కఱ్ఱను పట్టుకొనదు. జరుగుడు కిటికీలున్నవారు రెక్క తన గాడిలో గట్టిగా కూర్చున్నదో లేదో చూచుకొనవలెను.

పరీక్షాపత్రము చదువుట

మంచి పొరలను ప్రేలుడు గాలికి ఎదురుగా నిలిపి పరీక్షింతురు. అమెరికాలో చేయు పరీక్ష ఇట్లుండును. పెట్టెవంటి గదికి ఒక చివర కిటికీ బిగించి, పదియడుగుల దూరమున ఎదురుగా ఒక పలకను నిలుపుదురు. బయట ప్రేలుడు జరిపి పెంకులు ఎచ్చట పడినవో చూతురు. కిటికీ క్రిందనే పడినచో ఉత్తమము. నేలపై దూరముగా పడినచో మధ్యమము. ఎదుటి పలకకు రెండడుగుల ఎత్తునకు పైగా తగిలినచో మిక్కిలి అపాయము. ఏలయన అది కూర్చున్నవారి రొమ్మునకును, నిలిచిన పసివారి మొగమునకును తగులు ఎత్తు.

వర్తకుని పత్రము చూపుమని అడుగుటకు సంకోచింపకుడు. ఏ.ఎస్.టి.ఎమ్. ఎఫ్ 1642 గాని, ఐ.ఎస్.ఓ. 16933 గాని అందు పేర్కొనియుండవలెను. ఇవి గాలి దెబ్బ పరీక్షలు. కొందఱు మనిషి తూలి అద్దముపై పడినపుడు జరుగు హానికి సంబంధించిన పరీక్షాపత్రము చూపి అదియే చాలునందురు. అది మంచి పరీక్షయే గాని వేఱు పరీక్ష. తుపానులో ఎగిరివచ్చు దూలముల దెబ్బకు చేయు పరీక్షయు వేఱే. 2014వ సంవత్సరము అక్టోబరు 12వ తేదీన వచ్చిన హుద్‌హుద్ తుపానులో విశాఖ అద్దముల గతి చూచినవారు తుపానునకు గూడ ఈ పొర చాలునా యని అడుగుదురు. ఆ పరీక్షలో నెగ్గినదని పత్రమున్నచో చాలును, లేనిచో చాలదు.

పత్రమునందు మఱి నాలుగు సంగతులు చూడవలెను: అద్దము ఎంత పెద్దది, ఎంత మందము, అంచులను ఏ పద్ధతిలో బిగించిరి, గాలి ఒత్తిడి యెంత. రెండడుగుల అద్దముపై నాలుగువైపుల పట్టీలు బిగించి నెగ్గిన పొర, పట్టీలు లేని మీ ఆఱడుగుల అద్దముపై నెగ్గునని చెప్పుటకు వీలులేదు.

అద్దము జాతి

మీ కిటికీలో నున్నది ఏ జాతి అద్దమో తెలిసికొనుడు. సామాన్యపు అద్దము పొడవైన కత్తులవలె పగులును. పొర వలన ఎక్కువ లాభము దీనికే. టఫెన్డు గ్లాసని బజారులో చెప్పునది కాచి చల్లార్చి గట్టిపఱచినది. అది పగిలినపుడు చిన్న చిన్న పలుకులగును. అవి కోయుట తక్కువే గాని ప్రేలుడులో వేగముగా ఎగిరినపుడు కన్నులకు భయమే; దానికిని పొర మేలు. లోపల తీగ వల గల అద్దమును చూచి ధైర్యపడరాదు. అది నిప్పునకు ఉద్దేశింపబడినది, ప్రేలుడునకు కాదు. అట్టి అద్దమునకు నల్లని పొర అంటించినచో వేడికి పగులునను భయము గూడ కలదు.

క్రొత్తగా ఇల్లు కట్టువారు పొర మాట మాని లామినేటెడ్ అద్దమునే వేయించుకొనుట ఉత్తమము. రెండు అద్దముల నడుమ జిగురు పొర నొకదానిని ఇమిడ్చి చేసినదే అది. 1903లో ఫ్రాన్సుదేశపు బెనెడిక్టస్ అను నతని ప్రయోగశాలలో గాజు కుప్పె యొకటి క్రిందపడి, పగిలియు ముక్కలు విడలేదట. లోపల ఎండిన సెల్యులోసు పూతయే వానిని పట్టియుంచినది. ఆ చూపునుండి పుట్టినదే ఈ అద్దము. నేడు మోటారుకార్ల ముందరి అద్దములు ఈ జాతివే. ఉన్న కిటికీని మార్చుట కష్టమైనవారికి పొర. కట్టబోవువారికి లామినేటెడ్ అద్దము. ఇది సూత్రము.

తెఱల సాయము

ఇంగ్లండులో ముఖ్యమైన కార్యాలయములలో పొరతోపాటు ప్రత్యేకమైన వల తెఱలను గూడ వ్రేలాడదీయు ఆచారము కలదు. అవి కిటికీకంటె వెడల్పునను పొడవునను చాల హెచ్చుగా నుండును. క్రింది చెఱగునకు సీసపు బరువులు కుట్టి, మిగిలిన గుడ్డను క్రింద మడతలుగా నుంతురు. గాలి దెబ్బకు తెఱ ఉబ్బి, మడతలు విప్పుకొని, పెంకులను సంచివలె పట్టుకొని దింపును. మన యింటి సామాన్యపు తెఱ దానికి సమానము కాదు. అయినను తెఱలేని కిటికీకంటె మందపు తెఱ మూసిన కిటికీ మేలని వేఱుగ చెప్పవలెనా? వెడల్పుగా, కుచ్చులు హెచ్చుగా, నేలవఱకు దిగునట్లు కుట్టించి రాత్రులందు మూసియుంచుడు.

అంటించుట, కాపాడుట

అద్దమును శుభ్రముగా కడిగి, సబ్బునీరు చల్లి, పొర పఱచి, రబ్బరు పలకతో నీటిని వెడలగొట్టుదురు. ఇది అలవాటుపడిన చేతి పని. ఇంటిలో నేర్చుకొనుటకు దీనితో ప్రారంభింపరాదు. అంటించిన కొన్ని దినములు అద్దము పొగమంచు పట్టినట్లు కనబడును, చింత లేదు. మందపు పొర క్రింది తేమ పూర్తిగా ఆఱుటకు కొన్ని వారములు, ఒక్కొక్కప్పుడు రెండు మూడు మాసములు పట్టును. మొదటి మాసము తుడువవలదు. పిమ్మట మెత్తని గుడ్డతో తేలికయైన సబ్బునీరు వాడుడు. ఇసుక, బూడిద, గరుకు పీచు, బ్లేడు తగిలింపరాదు. ఎండకు జిగురు ఏండ్లు గడచినకొలది క్షీణించును. అంచులు లేచినవా, బుడగలు పుట్టినవా యని ఏటేట చూచుచుండవలెను. హామీ ఎన్నియేండ్లో కాగితముపై వ్రాయించుకొనుడు, నోటిమాట చాలదు.

మఱియొక జాగ్రత్త. పొరయంటించిన అద్దమును పగులగొట్టి బయటపడుట కష్టము. ఇల్లు అంటుకొనినపుడు దారి కావలెను. కావున ప్రతి పడకగదిలోను తెఱచుకొనుటకు వీలైన కిటికీ గాని వేఱు వాకిలి గాని యుండవలెను. ఊచలకు బీగమున్నచో తాళపుచెవి ఎచ్చటనున్నదో ఇంటిలో అందఱికి తెలిసియుండవలెను.

ఆ సోదరికి మా సమాధానము

మొదట, ఈ జాబు చదివిన రాత్రియే పిల్లల మంచమును కిటికీ క్రిందనుండి తీసి లోపలి గోడకు చేర్చవలెను. దీనికి కాసు ఖర్చు లేదు. ఏ పొరయు ఇంతటి మేలు చేయదు. రెండవది, మందపు తెఱ. మూడవది, చట్రము మరమ్మతు. ఈ మూడును ముగిసిన పిమ్మటనే పొర. గోడయంత అద్దము గనుక 175 మైక్రాన్ల పొరను, నాలుగువైపుల సిలికోను పట్టుతో, పరీక్షాపత్రము చూచి వేయించుకొనవలెను. ధనము చాలనిచో ఇంటిలోని కిటికీలన్నిటికి పలుచని పొర వేయించుటకంటె, పిల్లలు పండుకొను గది ఒక్కదానికి తగిన పొర వేయించుట మేలు. అత్తగారి మాటను త్రోసివేయవలదు. బహుశః ఆమె కాపురము చేసిన కాలపు కిటికీలకు చెక్క రెక్కలుండెడివి. ఈ గోడ అద్దపుది. ఈ భేదమును నెమ్మదిగా చెప్పినచో ఆమెయే ముందుగా మంచము జరుపుమనును.

కడపట ఒక మాట పాఠక సోదరీమణులందఱకు. పైన చెప్పిన మూడు పట్టణములలోను జనులను కిటికీకి చేర్చినది కుతూహలము. వెలుగు క్షణములో వచ్చును. గాలి దెబ్బ ధ్వనివలె కిలోమీటరునకు సుమారు మూడు సెకండ్లు ఆలస్యముగా వచ్చును. ఆ వ్యవధియే ప్రాణమును, కన్నులను కాపాడుకొను వ్యవధి. "పెద్ద మెఱుపు గాని, పొగ గాని, మంట గాని కనబడినచో కిటికీకి పోరాదు, గోడ చాటున గాని బల్ల క్రింద గాని కూర్చుండి, మొగము చేతులతో కప్పుకొనవలెను" అని మీ పిల్లలకు ఆటగా నేర్పుడు. రెండు మూడు మాఱులు ఆడించినచో వారు మఱువరు. కిటికీకి పొర వేయించుట వచ్చు మాసమునకు వాయిదా పడినను, ఈ పాఠము నేటి సాయంకాలమే కానిండు.